మేయర్ల ఒడంబడిక

కర్బన ఉద్గారాలను తగ్గించుకుంటామని ఐరోపా నగరాలు, పట్టణాలు స్వచ్ఛందంగా ఇచ్చే హామీ ఇది. యూరోపియన్ కమిషన్ 2008లో దీన్ని ప్రారంభించింది. 2020 నాటికి కనీసం 20 శాతం కోత తొలి లక్ష్యం. 2015లో దాన్ని 2030కల్లా 40 శాతానికి పెంచారు. వరదలు, వడగాడ్పులను తట్టుకునే సన్నద్ధతనూ అప్పుడే జోడించారు.

సంతకంతోనే పని అయిపోదు. ముందు ఒక ఏడాదిని ప్రాతిపదికగా తీసుకుని భవనాలు, వాహనాలు, వీధిదీపాలు ఎంత ఇంధనం వాడుతున్నాయో, ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోందో లెక్క తేల్చాలి. రెండేళ్లలోగా కార్యాచరణ ప్రణాళికను పురపాలక మండలి ఆమోదంతో సమర్పించాలి. ఆపై రెండేళ్లకోసారి ప్రగతి నివేదిక ఇవ్వాలి.

చిన్న పట్టణాల్లో ఈ లెక్కలు కట్టే నిపుణులు ఉండరు. అందుకే ప్రావిన్స్, ప్రాంతీయ ప్రభుత్వాలు సమన్వయకర్తలుగా సాంకేతిక సాయం అందిస్తాయి, నిధుల దారి చూపుతాయి. స్పెయిన్‌లో బార్సిలోనా ప్రావిన్స్ మండలి ఈ పనే చేస్తోంది. ఇరుగుపొరుగు పట్టణాలు కలిసి ఉమ్మడి ప్రణాళిక వేసుకునే వీలూ ఉంది.

లక్ష్యం తప్పితే జరిమానా లేదు. అయితే గడువులోగా ప్రణాళిక ఇవ్వని పట్టణం సభ్యత్వాన్ని పక్కన పెట్టవచ్చు. 2017 నుంచి ఈ ఒడంబడిక ప్రపంచ నగరాల ఉమ్మడి వేదికలో భాగమైంది.