కాపాడే చేతులకు కాపుదల ఏది?

పల్నాడులో ఆపద ఎక్కడున్నా 108, ఫైరింజన్, పోలీసు జీపు పరుగున వస్తాయి. వాటిలో వచ్చేవాళ్లు క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాటు కూడా రక్షణలో భాగమే.

2024 మే 15 తెల్లవారుజామున, ఓటేసి హైదరాబాద్‌కు తిరిగి వెళ్తున్న జనంతో చినగంజాం నుంచి బయల్దేరిన ప్రైవేటు బస్సు చిలకలూరిపేట మండలంలో టిప్పర్‌ను ఢీకొంది. రెండు బండ్లూ అంటుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. అలాంటి రాత్రుల తర్వాత మనం అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. మంటలార్పినవాళ్లు ఏ గాలి పీల్చారు? కాలిన దేహాలను బయటికి తీసినవాళ్లకు నిద్ర పట్టిందా?

పొగ మిగిల్చే రోగం

టైర్లు, సీట్లు, డీజిల్ కలిసి కాలిన పొగ విషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో ఫైర్‌మన్ వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. న్యూయార్క్ జంట భవనాలు కూలిన 2001 సెప్టెంబరు 11న 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆనాటి దుమ్ము, పొగ తెచ్చిన జబ్బులతో 2023 నాటికి మరో 343 మంది పోయారు. మన దగ్గర 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకైనప్పుడు, జనాన్ని ఇళ్లలోంచి బయటికి తెచ్చిన పోలీసుల్లోనూ కొందరు అస్వస్థులయ్యారు. గాలిసిలిండరుతో కూడిన మాస్కు, మసి పట్టిన యూనిఫాం ఇంటికి పోకుండా స్టేషన్లోనే ఉతికే వసతి, ఏటా వైద్యపరీక్ష ఉంటే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

మందు కేసు

పత్తి, మిర్చి పండే పల్నాడులో 'మందు తాగాడు' అన్న మాట వినని ఊరుండదు. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు నోట్లోంచే కాదు, చర్మంలోంచీ ఒంట్లోకి దిగుతాయి. రోగి వాంతి, తడిసిన చొక్కా, మూసిన అంబులెన్సులో నిండిన ఆవిరి పక్కనుండి చికిత్స చేసే ఈఎంటీకీ ప్రమాదమే. చేతులకు నైట్రైల్ గ్లౌజులు, ఒంటికి ఏప్రాన్ ఉండాలి. రోగి బట్టలు విప్పి సంచిలో కట్టేయాలి, ఒళ్లు సబ్బునీళ్లతో కడగాలి, కిటికీలు తెరవాలి. వీటిలో ఖరీదైనది ఒక్కటీ లేదు. మందు డబ్బా దాచిపెట్టకుండా సిబ్బంది చేతికిస్తే రోగికీ, వాళ్లకీ మేలు.

ఎండ, దూరం, నిద్ర

ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. అలాంటి ఎండలో ఫైర్‌మన్ తొడుక్కునే మందపాటి సూటు మంట వేడిని ఆపుతుంది, అయితే ఒంట్లో పుట్టే వేడినీ బయటికి పోనివ్వదు. అమెరికాలో డ్యూటీలో ప్రాణాలు కోల్పోయే ఫైర్‌మన్లలో చాలామంది గుండె ఆగి పోతున్నారు. నీళ్లు, నీడ, వంతులవారీ విశ్రాంతి మంటల దగ్గర మందుల్లాంటివే.

మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వందకు పైగా కిలోమీటర్లు. 12 గంటల డ్యూటీ చివర్లో అలాంటి కేసు పడితే, పైలట్ (అంబులెన్సు డ్రైవర్) కునుకుపాటు బండిలో ఉన్న అందరికీ గండమే. మూడు షిఫ్టులు కావాలన్న 108 ఉద్యోగుల పాత కోరికను జీతాల బేరంగా చూడకూడదు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద రాత్రివేళ క్షతగాత్రుల్ని ఎత్తేవాళ్లను వెనకనుంచి వచ్చే లారీ గుద్దకుండా, మెరిసే జాకెట్లు వేసుకోవడం, కోన్లు పెట్టడం, పెద్ద బండిని రోడ్డుకు ఏటవాలుగా అడ్డం నిలపడం ప్రతి ఘటనలో తప్పనిసరి కావాలి.

రాళ్ల మధ్య

2024 మే ఎన్నికల వేళ మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో చెలరేగిన హింసలో పోలీసులకూ గాయాలయ్యాయి. గొడవ చల్లారకముందే అలాంటి చోటికి అంబులెన్సూ వెళ్లాల్సి వస్తుంది. అయినా పోలీసులు దారి క్లియర్ చేశాకే సిబ్బంది దిగాలన్న నియమం పిరికితనం కాదు. సాయానికి వచ్చినవాడే పడిపోతే, ఆ చోట ఆపద ఒకటికి రెండవుతుంది. బావిలో, సెప్టిక్ ట్యాంకులో పడ్డవాణ్ణి తీయడానికి దూకి విషవాయువుకు బలైనవాళ్ల కథలన్నీ ఇదే చెబుతాయి.

చేయగలమని రుజువైంది

కరోనా వేళ, 2020లో, కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లనూ అందులో చేర్చింది. అలాంటి బీమా ఒక జబ్బు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. అమెరికా కూడా 1980 నాటి ఫైర్ బ్రిగేడ్ నిబంధన చాలదని, అత్యవసర సిబ్బంది కోసం 2024లో కొత్త ముసాయిదా తెచ్చింది.

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కొత్త జిల్లా కొత్త పద్ధతి మొదలుపెట్టవచ్చు. నరసరావుపేట కలెక్టరేట్‌లో 108, ఫైర్, పోలీసు, వైద్యశాఖలు కలిసి కూర్చుని సిబ్బందికి తగిలిన ప్రతి గాయాన్నీ, ప్రతి అస్వస్థతనూ నమోదు చేయాలి. ఏటా వైద్యపరీక్ష, బీమా, ఘోరాలు చూసినవాళ్లకు మనసు విప్పి మాట్లాడుకునే కౌన్సెలింగ్ ఉండాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో ఆ గాయాల, అస్వస్థతల లెక్క జనం ముందు పెట్టాలి.

మన వంతూ ఉంది. సైరన్ వినగానే పక్కకు జరగాలి, ప్రమాదస్థలంలో ఫోన్లు పట్టుకుని మూగకూడదు, ఆలస్యమైందని సిబ్బంది మీద చెయ్యెత్తకూడదు. వాళ్లు పదిలంగా ఉంటేనే, రేపు మనం ఫోన్ చేసినప్పుడు రావడానికి ఒకరుంటారు.