చెయ్యి పైకి లేవడం లేదా?
భుజానికీ ఉంది స్కానింగు

గుంటూరు: యార్డులో మిర్చి టిక్కీ ఎత్తుతుండగా భుజం కలుక్కుమంటుంది. ఆ రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేరు. తెల్లవారి చొక్కా తొడుక్కోబోతే చెయ్యి లేవదు. హమాలీలకు, తాడెక్కే గీత కార్మికులకు ఈ బాధ కొత్త కాదు. పట్టేసిందనుకుని తైలం రాస్తారు, కట్టు కట్టిస్తారు. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందంటారు. ఇంతలో నెలలు గడిచిపోతాయి.

ఎముక బాగున్నా లోపల టెండన్ తెగి ఉండవచ్చు. కండను ఎముకకు పట్టి ఉంచే గట్టి పట్టీ ఇది. మనవాళ్లు నరమంటారు గాని ఇది నరం కాదు. భుజం కీలు చుట్టూ ఇటువంటివి నాలుగు ఉంటాయి. పైనున్నదే ఎక్కువగా తెగుతుంది. ఎక్స్‌రేలో ఇది కనిపించదు.

స్కానింగు గర్భిణులకే అనుకుంటాం. అదే అల్ట్రాసౌండ్ భుజానికీ పనికివస్తుంది. జెల్లీ రాసి, చెయ్యి అటూ ఇటూ తిప్పిస్తూ చూస్తారు. సూది లేదు, కిరణాల భయం లేదు. పూర్తిగా తెగితే, అనుభవమున్న డాక్టరు చేతిలో ఇది ఎమ్మారై స్కానుకు దాదాపు సాటి వస్తుంది. సగం తెగినవి మాత్రం ఒక్కోసారి దొరకవు. ఎంత మేర తెగింది, కొస ఎంత లోపలికి జరిగింది అన్నవి ముందే తెలిస్తే ఆపరేషన్ చేసే డాక్టరుకు దారి తెలుస్తుంది. లోతుగా చూడవలసి వస్తే ఎమ్మారై కూడా రాస్తారు.

తెగిన ప్రతి భుజానికీ ఆపరేషన్ అక్కరలేదు. అరవై దాటిన వారిలో నొప్పి లేకుండానే తెగి ఉన్నవారూ ఉన్నారు. చాలామందికి వ్యాయామంతోనే గుణం కనిపిస్తుంది. షుగరు ఉన్నవారికి భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువ. అందులో ఎదుటివారు పట్టి ఎత్తినా చెయ్యి లేవదు. టెండన్ తెగితే సాధారణంగా ఎదుటివారు ఎత్తితే లేస్తుంది, తనంతట తాను ఎత్తలేరు.

దెబ్బ తగిలిన వెంటనే చెయ్యి పడిపోతే మాత్రం జాగు చేయరాదు. రోజులు గడిచేకొద్దీ తెగిన కొస వెనక్కి ముడుచుకుపోతుంది, కండ కొవ్వు పడుతుంది. అప్పుడు కుట్టినా అతకడం కష్టం. కట్టు కట్టి నెలల తరబడి కదపకుంటే కీలు బిగుసుకుపోతుంది కూడా.

ఎముకల డాక్టరును కలిసినప్పుడు "స్కానింగుతో తెలుస్తుందా?" అని అడగండి. భుజం స్కానింగు చేసే అలవాటున్న చోటికే వెళ్లండి. రెక్కాడితేగాని డొక్కాడని వారికి రెక్కే ఆస్తి.