జిరాక్స్ నోట్సు దాటని ఇంటర్‌ఫేస్

ఇంటర్‌ఫేస్‌కి, అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కి తేడా చెప్పమంటే జావా చదివిన బీటెక్ పిల్లలెవరైనా తడుముకోకుండా ఒక పట్టిక అప్పజెప్పేస్తారు. ఇందులో అన్నీ ఖాళీ మెథడ్‌లు, అందులో కొన్నిటికి బాడీ ఉంటుంది. ఇది నూటికి నూరు శాతం అబ్‌స్ట్రాక్షన్, అది సున్నా నుంచి నూరు దాకా ఎంతైనా. అమీర్‌పేట కోచింగ్ నోట్సు జిరాక్సు మీద జిరాక్సుగా బ్యాచిలు దాటినట్టే ఈ పట్టికా దాటింది. ఇంటర్వ్యూల్లో ఇంకా అడుగుతూనే ఉన్నారు గనుక దానికి చావు లేదు. జావా తొలి వెర్షన్ వచ్చిన 1996లో అందులో చాలా భాగం నిజమే. తర్వాత భాష మారింది, పట్టిక మారలేదు.

అపోహ: ఇంటర్‌ఫేస్‌లో మెథడ్‌కి బాడీ ఉండకూడదు

2014 మార్చిలో వచ్చిన జావా 8తోనే ఈ నియమం పోయింది. ముందు డిఫాల్ట్ అని పెట్టి మెథడ్‌ని ఇంటర్‌ఫేస్‌లోనే పూర్తిగా రాయొచ్చు. స్టాటిక్ మెథడ్‌లూ రాయొచ్చు. 2017లో జావా 9 ప్రైవేట్ మెథడ్‌లనూ రానిచ్చింది. ఇదేదో సరదాకి చేసింది కాదు. లిస్ట్, సెట్ లాంటి కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌లు 1998 నుంచి వాడుకలో ఉన్నాయి. వాటిని తమ క్లాసుల్లో అమలు చేసుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. జావా 8లో వాటికి స్ట్రీమ్ అనే మెథడ్ చేర్చాలి. ఖాళీ మెథడ్‌గా చేరిస్తే ఆ క్లాసులేవీ మళ్లీ కంపైల్ కావు. బాడీతో సహా చేరిస్తే ఎవరూ తమ కోడ్ ముట్టుకోనక్కర్లేదు. డిఫాల్ట్ మెథడ్ పుట్టింది ఈ ఇరకాటంలోంచి.

శాతాల సంగతంటారా, అబ్‌స్ట్రాక్షన్‌ని శాతాల్లో కొలిచే లెక్క జావాలో ఏనాడూ లేదు.

అపోహ: అయితే ఇప్పుడు రెండూ ఒకటే

కాదు. ఒక్కో ఆబ్జెక్ట్‌కి విడివిడిగా ఉండాల్సిన విలువను, అంటే ఒక బ్యాంకు ఖాతాలో నిల్వ లాంటిదాన్ని, ఇంటర్‌ఫేస్ దాచుకోలేదు. అక్కడ ఫీల్డ్ రాస్తే, మీరు అననక్కర్లేదు, అది పబ్లిక్ స్టాటిక్ ఫైనల్ అయిపోతుంది. అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌లో మామూలు ఫీల్డులుంటాయి, వాటిని నింపడానికి కన్‌స్ట్రక్టర్ ఉంటుంది. ఆబ్జెక్టే చేయలేనప్పుడు కన్‌స్ట్రక్టర్ దేనికని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు, మంచి ప్రశ్నే. దాన్నుంచి వచ్చిన క్లాస్‌కి ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు సూపర్ ద్వారా నడిచేది ఆ కన్‌స్ట్రక్టరే.

పనిలో పని, అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ అన్నాక ఒక్క అబ్‌స్ట్రాక్ట్ మెథడైనా ఉండి తీరాలన్నదీ నిజం కాదు. సర్వ్‌లెట్లు రాసినవాళ్లంతా వాడిన హెచ్‌టీటీపీసర్వ్‌లెట్ అబ్‌స్ట్రాక్ట్ క్లాసే. వెతికి చూడండి, అందులో అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ ఒక్కటీ దొరకదు.

అపోహ: రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి

పట్టిక చేసిన అసలు నష్టం ఇది. ఎదురెదురు గడుల్లో పెట్టేసరికి అవి పోటీదారుల్లా కనిపిస్తాయి. జావా సొంత లైబ్రరీలో మాత్రం కలిసి పనిచేస్తుంటాయి. లిస్ట్ అనేది ఇంటర్‌ఫేస్. దాన్ని సగం అమలు చేసిపెట్టిన అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్, పేరుకు తగ్గట్టే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. దాన్నుంచి వచ్చింది మనం రోజూ వాడే అర్రేలిస్ట్. లిస్ట్‌ని వాడుకునేవాళ్లకు ఇంటర్‌ఫేస్ కావాలి. కొత్త రకం లిస్ట్ తయారుచేసేవాళ్లకు చాకిరీ తగ్గించేది అబ్‌స్ట్రాక్ట్ క్లాస్.

చేసి చూడండి. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌ని ఎక్స్‌టెండ్ చేస్తూ చిన్న క్లాస్ ఒకటి మొదలుపెడితే కంపైలర్ రెండే మెథడ్‌లు అడుగుతుంది: గెట్, సైజ్. సైజ్‌లో పది లక్షలని రాయండి. గెట్‌లో, వచ్చిన ఇండెక్స్‌కి ఒకటి కలిపి ఇచ్చేయండి. అంతే, ఒకటి నుంచి పది లక్షల దాకా సంఖ్యలున్న లిస్ట్ సిద్ధం. మెమరీలో ఒక్క సంఖ్యా దాచలేదు. ఫర్ లూప్‌లో పెడితే తిరుగుతుంది. కంటెయిన్స్‌తో 500 ఉందా అని అడిగితే ట్రూ అంటుంది. సబ్‌లిస్ట్ అడిగితే ముక్క కోసిస్తుంది. ఇవేవీ మీరు రాయలేదు. మీరిచ్చిన గెట్, సైజ్‌లనే పిలుచుకుంటూ అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ చేసిపెట్టింది. ఇప్పుడు యాడ్ పిలవండి, అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ అంటూ ఎక్సెప్షన్ విసురుతుంది. అర్రేస్ డాట్ యాజ్‌లిస్ట్ ఇచ్చిన లిస్ట్‌కి ఏదో చేర్చబోయి కొత్తవాళ్లు తినే దెబ్బ సరిగ్గా ఇదే. దాని వెనకున్నదీ అబ్‌స్ట్రాక్ట్‌లిస్టే మరి.

పాఠ్యపుస్తకాల్లో ఉండే జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణ ఇదేదీ నేర్పదు. కుక్క భౌ అంటుంది, పిల్లి మ్యావ్ అంటుంది, సరే. ఆ అరుపు ఎవరికి కావాలి? పిలిచే కోడ్‌ని చూపించకుండా ఇంటర్‌ఫేస్ ఎందుకో చెప్పడం ఎవరి తరమూ కాదు.

అపోహ: కంపైల్ అయిందంటే ఒప్పందం నెరవేరినట్టే

కంపైలర్ చూసేది మెథడ్ పేరు, పారామీటర్లు, రిటర్న్ టైప్ లాంటివి. చెప్పిన పని సరిగ్గా చేస్తోందా అన్నది దానికి పట్టదు. కంపారేటర్ సంగతే తీసుకోండి. రెండు ఇంట్‌లను పోల్చమంటే మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి ఆ ఫలితాన్నే ఇచ్చేయడం చాలామందికి అలవాటు. మొదటిది మైనస్ 200 కోట్లు, రెండోది 200 కోట్లు అనుకుందాం. రావలసింది మైనస్ 400 కోట్లు. ఇంట్‌లో పట్టేది అటూ ఇటూ సుమారు 214 కోట్లే గనుక లెక్క పొర్లిపోయి, 29 కోట్ల పైచిలుకు ప్లస్ సంఖ్య చేతికొస్తుంది. అంటే చిన్నదాన్ని పెద్దదని తేల్చేసింది. కంపైలర్ కిక్కురుమనదు. 2011లో వచ్చిన జావా 7 నుంచి సార్ట్ చేసే కోడ్ ఇలాంటి పొరపాటును కొన్నిసార్లు పట్టుకుని ఎక్సెప్షన్ విసురుతుంది. పట్టుకోనప్పుడు లిస్ట్ తప్పు వరసలోనే వచ్చేస్తుంది. తీసివేత బదులు ఇంటిజర్ డాట్ కంపేర్ వాడితే ఈ గొడవ లేదు. ఇలాంటి షరతులన్నీ జావాడాక్‌లో మామూలు మాటల్లో రాసి ఉంటాయి. ఇంప్లిమెంట్స్ అని రాసేముందు అది చదివేవాళ్లు తక్కువ.

అపోహ: మంచి డిజైన్ అంటే ప్రతి క్లాస్‌కీ ఒక ఇంటర్‌ఫేస్

స్టూడెంట్‌సర్వీస్ అని ఒక ఇంటర్‌ఫేస్, దాని పక్కనే స్టూడెంట్‌సర్వీస్ఇంప్ల్ అని ఒకే ఒక క్లాస్. ప్రాజెక్టు నిండా ఇలాంటి జంటలే. ఈ అలవాటుకి ఒకప్పుడు కారణం ఉంది. జావా 1.3తో 2000లో వచ్చిన డైనమిక్ ప్రాక్సీ ఇంటర్‌ఫేస్ ఉంటేనే పనిచేస్తుంది. ట్రాన్సాక్షన్ల లాంటివాటి కోసం స్ప్రింగ్ మన ఆబ్జెక్ట్ ముందు ప్రాక్సీని నిలబెడుతుంది గనుక ఇంటర్‌ఫేస్ రాసిపెట్టుకోవడం ఆనవాయితీ అయింది. క్లాస్ మీదే నేరుగా ప్రాక్సీ చేసే పద్ధతి కూడా ఉంది. 2018లో స్ప్రింగ్ బూట్ 2 దాన్నే డిఫాల్ట్ చేసేసింది. టెస్టుల కోసం అంటారా, మాకిటో మామూలు క్లాస్‌ని కూడా మాక్ చేస్తుంది. కారణం తీరిపోయింది, ఇంప్ల్ మిగిలిపోయింది.

ఓటీపీ పంపే కంపెనీ ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి కావచ్చని తెలిస్తే ఇంటర్‌ఫేస్ మొదటి రోజే రాయండి. బయటివాళ్లు వాడే లైబ్రరీ అయినా అంతే, ఒకసారి విడుదలయ్యాక మార్చడం కష్టం. సొంత ప్రాజెక్టులో ఉన్న ఒక్క క్లాస్‌కి మాత్రం ఆ హడావుడి అక్కర్లేదు. అవసరం పడ్డ రోజు ఎక్లిప్స్‌లోనైనా, ఇంటెలిజేలోనైనా రీఫ్యాక్టర్ మెనూలో ఎక్స్‌ట్రాక్ట్ ఇంటర్‌ఫేస్ ఉంది. కావలసిన మెథడ్‌లకు టిక్కులు పెడితే ఇంటర్‌ఫేస్ ఫైలు అదే రాసి, క్లాస్ పేరు పక్కన ఇంప్లిమెంట్స్ కూడా చేర్చిపెడుతుంది.