ముక్క పరీక్ష: సీసా మోసేవారికీ, ప్రయోగశాలలో పనిచేసేవారికీ

నోటిలో మానని పుండు, రొమ్ములో గడ్డ వంటివి కనిపించినప్పుడు వైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చిన్న ఆసుపత్రులలో ఆ సీసాను రోగి బంధువుల చేతికే ఇచ్చి పంపడం కద్దు. కుందారపల్లి నుండి కృష్ణగిరికో హోసూరుకో బస్సులో వెళ్లే ఆ సీసాలోనిది నీరు కాదు, ఫార్మలిన్. శరీరం నుండి వేరైన కణజాలం కుళ్లకుండా నిలిపేది అదే. అందుచేత సీసాలో నీరుగాని సెలైన్‌గాని పోయరాదు; ఫ్రీజర్‌లో ఉంచరాదు. ద్రవం ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ఉండాలి. తాగునీటి సీసాలో మాత్రం ఎన్నడూ పోయకండి. ఇంట్లో పిల్లలు ఉంటారు. కంటిలో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి. మింగితే వాంతి చేయించక 108కి ఫోన్ చేయాలి. పేరు మూతపై కాక సీసాపైనే రాయించండి; మూతలు మారిపోతాయి.

కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరి 12న ప్రారంభమైంది. మన పిల్లలలో ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివినవారు ఇటువంటి చోట్ల పాథాలజీ విభాగాలలో చేరవచ్చు. వారు ముందుగా తెలుసుకోవలసింది ఫార్మలిన్ ఆవిరి సంగతి. ఫార్మాల్డిహైడ్ మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. కొన్నాళ్లకు ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడుతుంది. వాసన తెలియకపోవడం గాలి శుభ్రమైందనడానికి గుర్తు కాదు. ముక్కలు కోసే బల్ల వద్ద ఆవిరిని బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి. గుడ్డ మాస్కు ఈ వాయువును ఆపదు. కిటికీ తెరిచాం కదా అనుకోవడం మనవారికి అలవాటు, కాని అది చాలదు.

తరువాతి ప్రమాదం మైక్రోటోమ్ బ్లేడు. మైనంలో పొదిగిన ముక్కను మూడు నుండి ఐదు మైక్రాన్ల మందాన కోసే ఆ అంచుకు వేలు లెక్కలోది కాదు. దిమ్మె మార్చేటప్పుడు చక్రానికి తాళం వేయాలి, తుడిచే ముందు బ్లేడు తీసేయాలి. వాడిన బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో పడాలి. జైలీన్ సులువుగా అంటుకునే ద్రవం కనుక దాని దగ్గర బర్నర్ వెలిగించరాదు. వాడిన ఫార్మలిన్‌ను సింకులో పారబోయరాదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం దానిని వేరుగా సేకరించి శుద్ధికి పంపాలి. బ్లీచింగ్ ద్రావణంతో కలపడం మరింత ప్రమాదం.

పరీక్ష ముగిసినా మైనపు దిమ్మెలను, స్లైడ్లను ప్రయోగశాల భద్రపరుస్తుంది. మరో అభిప్రాయం కోసం బెంగళూరుకో వేలూరుకో వెళ్లేవారు వాటిని అడిగి తీసుకెళ్లవచ్చు. చాలాసార్లు మళ్లీ ముక్క తీయించుకునే బాధ తప్పుతుంది. ఆ మైనం అరవై డిగ్రీల లోపే కరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో దిమ్మెను వదలకండి.