వృద్ధాశ్రమానికీ ఆసుపత్రికీ నడుమ: సహాయక జీవన సముదాయాల మంచిచెడ్డలు

వ్యాససంగ్రహం:
వయోవృద్ధులకు నివాసాన్నీ దైనందిన సహాయాన్నీ ఒకేచోట అందించే సముదాయాలు తెలుగు నగరాల శివార్లలో కనిపిస్తున్నాయి. వీటిని వృద్ధాశ్రమాలుగా భావించి నిరసించడం, విశ్రాంత జీవనానికి స్వర్గసీమలుగా భావించి ఆహ్వానించడం రెండూ జరుగుతున్నాయి. ఈ రెండు ధోరణులకూ దూరంగా ఉండి వాటి స్వరూపాన్నీ, మేలుకీడులనూ, చట్టపరమైన స్థితినీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వృద్ధాప్యం, సహాయక జీవనం, వానప్రస్థం, పోషణ చట్టం, స్వనిర్ణయం.

1. ఉపోద్ఘాతం:
ఇల్లు విడిచిన వృద్ధుడి నివాసానికి తెలుగులో స్థిరపడిన మాట ఒక్కటే. అది వృద్ధాశ్రమం. మన వాడుకలో అది అనాథాశ్రమం పక్కన నిలిచే మాట. పిల్లలు వదిలేశారనే అర్థం అందులో మాటతోపాటే వస్తుంది. అందుకే నెలకు వేల రూపాయలు చెల్లించి, సొంత ఫ్లాటులో ఉంటున్న విశ్రాంత ఉద్యోగి కూడా తన చిరునామా చెప్పడానికి తటపటాయిస్తాడు. నిర్మాణ సంస్థలకు ఈ ఇబ్బంది తెలుసు. కనుక అవి ఆ మాటను దగ్గరకు రానీయక ‘సీనియర్ లివింగ్’, ‘రిటైర్‌మెంట్ హోమ్’ వంటి ఆంగ్లపదాలనో, వానప్రస్థాన్ని స్ఫురింపజేసే సంస్కృత నామాలనో ఎంచుకుంటాయి. పేరు మారినంత మాత్రాన వస్తువు మారదు; అయితే పేరు లేని వస్తువును సరిగా పరిశీలించడమూ కష్టమే. ఈ వ్యాసంలో ‘సహాయక జీవన సముదాయం’ అనే వ్యవహారాన్ని స్వీకరించాను.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు సుమారు 10.4 కోట్లు, అంటే మొత్తం జనాభాలో 8.6 శాతం. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 9.8 శాతం, జాతీయ సగటు కంటే ఎక్కువ. దీనికి తోడు ఇక్కడి మధ్యతరగతి కుటుంబాలలో గణనీయమైన భాగం పిల్లలను అమెరికాకు పంపింది. అక్కడికి వెళ్ళి ఉండిపోవడం తల్లిదండ్రులకు అంత సులభం కాదు. సందర్శక వీసాపై వెళితే సాధారణంగా ఒక విడతకు ఆరు నెలలు ఉండనిస్తారు. శాశ్వత నివాసం లభించినా అక్కడ ఉద్యోగ చరిత్ర లేనివారు ప్రభుత్వ వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరాలంటే ఐదేళ్ళ నిరంతర నివాసం పూర్తి కావాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో ఒంటరిగా ఉన్న దంపతుల ముందు ఈ సముదాయాల ప్రస్తావన రావడానికి ఇదొక ప్రధాన కారణం.

2. ఇల్లు విడవడమనే ఊహ మనకు కొత్తదా?
ఉమ్మడి కుటుంబం చెదిరినందువల్లనే వృద్ధులు ఇల్లు విడుస్తున్నారనే వాదన తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజముంది, పూర్తి నిజం లేదు. ముడతలు పడిన చర్మాన్నీ, నెరసిన తలనూ, మనుమడి ముఖాన్నీ చూసిన గృహస్థు అడవికి వెళ్ళాలని మనుస్మృతి ఆరవ అధ్యాయం విధించింది. తెలుగువారిలో కాశీవాసం మరొక మార్గం. ‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అనే నానుడి ప్రయాణపు కష్టాన్ని చెప్పినా, తిరిగి రాని ప్రయాణాన్ని సమాజం అంగీకరించిందన్న సంగతినీ చెబుతుంది.

ఈ పూర్వోదాహరణలను నేటి సముదాయాలకు సమర్థనగా వాడుకోవడం మాత్రం సమంజసం కాదు. వానప్రస్థంలో వెళ్ళేవాడు తానుగా నిర్ణయించుకొని, బాధ్యతలను కొడుకుకు అప్పగించి వెళతాడు. అధికారాన్ని వదులుకోవడం అక్కడ సాధన. నేటి వృద్ధుడి సమస్య దీనికి విరుద్ధం. శరీరం సహకరించనప్పుడు కూడా తన జీవితంపై కొంత అధికారాన్ని నిలుపుకోవడమెలా అన్నది అతని ప్రశ్న. ప్రచార పత్రాలలో వానప్రస్థమనే మాట ఈ భేదాన్ని మరుగుపరుస్తుంది.

3. ‘సహాయం’ అంటే ఏమిటి?
వృద్ధులకు అవసరమైన సహాయాన్ని కొలవడానికి రెండు ప్రమాణాలు బాగా ప్రచారంలో ఉన్నాయి. సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రకటించిన పట్టికలో ఆరు అంశాలున్నాయి: స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డి వాడకం, మంచంమీది నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్ర నియంత్రణ, భోజనం చేయడం. లాటన్, బ్రోడీ 1969లో ప్రతిపాదించిన రెండవ పట్టిక ఎనిమిది పనులను లెక్కిస్తుంది: ఫోను వాడటం, సరుకులు కొనడం, వంట, ఇంటిపని, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం.

రెండవ పట్టికలోని పనులు ముందుగా చేజారుతాయి, మొదటి పట్టికలోనివి ఆ తరువాత. వంట, ఇంటిపని, ప్రయాణం మాత్రమే చూసిపెట్టే చోటు స్వతంత్ర నివాసం. స్నానానికో మందులకో మరొకరి చేయి అందించేది సహాయక జీవనం. నిరంతరం నర్సుల పర్యవేక్షణ అవసరమైనప్పుడు కావలసింది శుశ్రూషా కేంద్రం. మన వద్ద ఈ మూడింటినీ ఒకే పేరుతో అమ్మడం పరిపాటి. వ్యాయామశాలనూ నడకబాటనూ చూసి డబ్బు కట్టిన వ్యక్తికి ఐదేళ్ళ తరువాత కావలసింది స్నానం చేయించే మనిషి. ఆ మనిషి ఒప్పందంలో ఉన్నాడా, లేడా అన్నది చేరేరోజున ఎవరూ అడగరు.

ఈ వ్యవస్థ పుట్టుక కూడా తెలుసుకోదగినది. కెరెన్ బ్రౌన్ విల్సన్ 1983లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ‘పార్క్ ప్లేస్’ అనే భవనాన్ని ప్రారంభించారు. పక్షవాతానికి గురై శుశ్రూషా కేంద్రాలలో గడిపిన తన తల్లి కోరికే దానికి మూలం. లోపలినుంచి గడియ వేసుకోగల తలుపు, సొంత వంటగది, సొంత సామాను, ఇష్టమైన వేళకు నిద్ర. నివసించేవాడు రోగి కాడు, ఇంటి యజమాని అన్నదే అక్కడి మూలసూత్రం. ఈ పేరు విజయవంతం కావడంతో వ్యాపార సంస్థలు దానిని ప్రతి భవనానికీ తగిలించాయని, తలుపు గడియ వంటి అసలు లక్షణాలు మెల్లగా జారిపోయాయని అతుల్ గవాండే తన ‘బీయింగ్ మోర్టల్’ (2014) గ్రంథంలో వివరించారు. మనకు ఈ భావన చేరింది ఆ జారిపోయిన దశ తరువాతనే అని నా అభిప్రాయం.

4. ప్రయోజనాలు:
ఈ సముదాయాల మేలును తక్కువ చేసి చూడటం మన విమర్శకులకు అలవాటు. అపార్టుమెంటులో ఒంటరిగా ఉన్న వృద్ధురాలు స్నానాలగదిలో జారిపడితే ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుందన్నది పనిమనిషి వచ్చే వేళపై ఆధారపడుతుంది. గోడకు పట్టుకొమ్మ, జారని నేల, మంచం పక్కన పిలుపుమీట, రాత్రిపూట మేలుకొని ఉండే మనిషి ఉన్నచోట ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. మందులు తప్పిపోకుండా చూసే ఏర్పాటు మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి చిన్న విషయం కాదు. తన ఈడువారితో మాట్లాడుకునే అవకాశం మరొక లాభం. కొడుకు ఇంట్లో ఉన్న తండ్రికి మనుషుల మధ్య ఉన్నా ఈ అవకాశం ఉండకపోవచ్చు.

చెప్పవలసిన మరో ముఖ్యమైన విషయం కోడళ్ళ, కూతుళ్ళ శ్రమ. ‘మన సంప్రదాయంలో పెద్దలను ఇంట్లోనే చూసుకుంటాం’ అనే వాక్యంలో కర్త పురుషుడు, పని చేసేది స్త్రీ. అత్తగారి పక్కబట్టలు మార్చడానికి ఉద్యోగం మానుకున్న స్త్రీ జీతం, పదోన్నతి, పింఛను ఏ లెక్కలోకీ రావు. సముదాయపు నెలసరి రుసుము ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం, ఇంట్లో ఆ పనికి మనం వెల కట్టకపోవడమే.

5. స్వనిర్ణయం, భోజనం, ఇరుగుపొరుగు:
ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో ప్రకటించిన ఒక ప్రయోగం ఈ సందర్భంలో ప్రసిద్ధం. అమెరికాలోని ఒక వృద్ధుల కేంద్రంలో ఒక అంతస్తువారికి చిన్న మొక్కలిచ్చి పెంచుకొమ్మన్నారు. సినిమా చూసే రోజును వారే ఎంచుకోవాలన్నారు. మరొక అంతస్తులో మొక్కలకు సిబ్బంది నీరు పోశారు, సినిమా రోజును సిబ్బందే నిర్ణయించారు. మూడు వారాలలోనే మొదటివారిలో చురుకుదనం, సంతోషం ఎక్కువగా కనిపించాయి. రెండు అంతస్తులవారికీ అందిన సౌకర్యాలు దాదాపు ఒకటే. తేడా నిర్ణయాధికారంలో ఉంది.

దీనిని మన పరిస్థితికి అన్వయిస్తే మొదట ఎదురయ్యేది భోజనశాల. ఉప్పు, నూనె, కారం తగ్గించిన ఉమ్మడి వంట ఆరోగ్యానికి మంచిదే కావచ్చు. డెబ్బై ఏళ్ళు తన చేత్తో ఆవకాయ కలిపిన స్త్రీకి తన గదిలో పొయ్యి వెలిగించుకునే వీలు లేకపోవడం రుచికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. ఆమె చేతిలోని ఆఖరి విద్య అక్కడ పనికిరానిదవుతుంది. మరొకటి, ‘పూర్తి శాకాహారం’ అనే ప్రకటన. తెలుగువారిలో అత్యధికులు మాంసాహారులైనప్పుడు ఆ ఒక్క నియమమే ఎవరు పొరుగువారు కావాలో నిర్ణయిస్తుంది. కులం పేరు ఎత్తకుండానే కులాన్ని పాటించే మార్గాలలో ఇదొకటని చెప్పక తప్పదు.

సముదాయాన్ని ఎంచుకునేది సాధారణంగా పిల్లలు. వారు చూసేది భద్రత: కెమెరాలు, కాపలా, అంబులెన్సు. తల్లిదండ్రులు కోరేది స్వేచ్ఛ. చూపించే వసతులన్నీ చెల్లించేవారి కంటికి నచ్చేవిగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఒకటి రెండు నెలలు అద్దెకు ఉండి చూసే అవకాశమున్న చోట్లలో, నివసించబోయే వ్యక్తే ఉండి చూసి చెప్పాలి.

6. ఆర్థిక స్వరూపం:
చేరిక మూడు రకాలు: ఫ్లాటు కొనుగోలు, పెద్ద డిపాజిట్‌తో దీర్ఘకాలిక లీజు, నెలసరి అద్దె. మూడింటిలోనూ సేవల రుసుము అదనం. పిల్లలకు ఆస్తి మిగులుతుందనే కారణంతో కొనుగోలువైపు మొగ్గేవారు ఎక్కువ. కానీ నివాసానికి కనీస వయోపరిమితి ఉన్నచోట నలభై ఏళ్ళ కొడుకు ఆ ఫ్లాటుకు వారసుడు కాగలడు, అందులో నివసించలేడు. అదే వయసు పైబడిన మరొకరికి అమ్మాలి లేదా అద్దెకివ్వాలి. అంతవరకు ఖాళీ ఫ్లాటుకు నిర్వహణ రుసుము కడుతూనే ఉండాలి. లీజు డిపాజిట్ విషయంలో, మరణానంతరం ఎంత కాలానికి, ఎంత కోతతో తిరిగి ఇస్తారన్నది ఒప్పందంలో చదవవలసిన మొదటి వాక్యం.

రుసుము పెరుగుదల మరింత కీలకం. ఉదాహరణకు నెలకు 40,000 రూపాయలతో మొదలై ఏటా 8 శాతం పెరిగితే తొమ్మిదేళ్ళకు అది సుమారు 80,000 అవుతుంది. కరువుభత్యంతో పెరిగే పాత పింఛను ఉన్నవారు దీనిని కొంతవరకు తట్టుకోగలరు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగంలో చేరినవారిని పాత పింఛను పథకం నుంచి తప్పించి వాటా పింఛను పథకంలో చేర్చారన్నది ఈ పత్రిక చదివే అధ్యాపకులకు తెలిసిందే. స్థిరమైన యాన్యుటీతో పెరిగే రుసుమును ఎంతకాలం చెల్లించగలరో ఎవరి లెక్క వారే వేసుకోవాలి. 70 ఏళ్ళు దాటిన వారందరికీ 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు వర్తిస్తుంది. స్నానం చేయించే సహాయకుని జీతానికి వర్తించదు. ఇక తెలంగాణలో 2,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనుతో బతికేవారికి ఈ చర్చంతా దూరపు వినికిడి.

7. చట్టం ఎంతవరకు?
2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రధానంగా పిల్లల బాధ్యతను నిర్దేశిస్తుంది. 9వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ ఇప్పించగల పోషణ భత్యానికి గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. జిల్లాకు ఒకటి చొప్పున 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాల ఏర్పాటును 19వ సెక్షన్ ప్రస్తావిస్తుంది. ప్రైవేటు సముదాయాల నాణ్యత దీని పరిధిలో లేదు. సంరక్షణ కేంద్రాల నమోదును ప్రతిపాదించిన 2019 సవరణ బిల్లు 17వ లోక్‌సభతోపాటు మురిగిపోయింది. కేంద్ర గృహనిర్మాణ మంత్రిత్వశాఖ 2019లో విడుదల చేసిన నమూనా మార్గదర్శకాలు నిర్మాణదారు, సేవాసంస్థ, నివాసి మధ్య త్రైపాక్షిక ఒప్పందాన్ని సూచించాయి. అవి మార్గదర్శకాలే, చట్టం కావు. రెరా చట్టం (2016) దృష్టి భవనంపైన ఉంది. గోడ పగిలితే ఫిర్యాదుకు చోటుంది. రాత్రివేళ ముప్పై మందికి ఒక్క ఆయా ఉంటే అది ఏ ప్రమాణానికి విరుద్ధమో ఆ చట్టం చెప్పదు.

ఇంటిని కొడుకు పేర రాసి, నెలసరి రుసుము అతడు కడతాడనే మాటపై సముదాయంలో చేరే తల్లిదండ్రులు 23వ సెక్షన్‌ను తెలుసుకోవాలి. పోషణ షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు, రద్దు చేయించుకునే అవకాశం అందులో ఉంది. షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 జనవరి తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరే దృష్టితో ఉదారంగా అన్వయించాలంది. రెండింటినీ కలిపి చదివితే, నోటిమాటగా ఉన్న హామీని దానపత్రంలో రాయించుకోవడం క్షేమమని అర్థమవుతుంది.

8. జ్ఞాపకం సడలినప్పుడు:
2023లో ప్రకటితమైన ఒక జాతీయస్థాయి అధ్యయనం దేశంలో అరవై ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మందికి మతిమరుపు వ్యాధి ఉన్నట్లు అంచనా వేసింది. అనేక సముదాయాల ఒప్పందాలు ఈ దశను పైపైనే స్పృశిస్తాయి. ‘ఇతర నివాసులకు అసౌకర్యం కలిగితే’ ఖాళీ చేయించే హక్కు యాజమాన్యానికి ఉంటే, అవసరం అత్యధికమైన రోజునే నీడ పోతుంది. అసౌకర్యాన్ని ఎవరు నిర్ధారిస్తారు, ఎంత గడువిస్తారు, అనుబంధంగా శుశ్రూషా విభాగం ఉందా అన్నవి రాతపూర్వకంగా ఉండాలి.

అంతకుముందే చక్కబెట్టుకోవలసినవి రెండున్నాయి. పిల్లలకిచ్చిన సాధారణ అధికారపత్రం, ఇచ్చినవారి మతిస్థిమితం తప్పితే భారత ఒప్పందాల చట్టం 201వ సెక్షన్ ప్రకారం చెల్లకుండా పోతుంది. అంటే సరిగ్గా అది కావలసిన సమయంలోనే పనిచేయదు. అప్పుడు సంరక్షకుని నియామకానికి హైకోర్టును ఆశ్రయించవలసి రావచ్చు. కనుక రుసుము చెల్లించే బ్యాంకు ఖాతాను ముందుగానే నమ్మకస్తులతో ఉమ్మడిగా మార్చుకోవడం మేలు. రెండవది, కోలుకోలేని స్థితిలో ఎలాంటి చికిత్స వద్దో ముందుగా తెలిపే వైద్య ఆదేశపత్రం. 2018 తీర్పుతో చెల్లుబాటైన ఈ పత్రానికి అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలి. 2023 జనవరిలో ఆ విధానాన్ని సడలించి, ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునన్నారు. ప్రతులు కుటుంబసభ్యుల వద్దా, సముదాయపు వైద్యుని వద్దా ఉండాలి.