చిరిగింది తెర కాదు బాబాయ్!

మే నెల. రెడ్డిగూడెంలో ఓ ఇల్లు. వసారా నిండా మామిడి పెట్టెలు, గదిలో వరిగడ్డి కింద మగ్గుతున్న చిన్నరసాలు. ఆ వాసన మధ్యే ఓ మూల సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు, దాని ముందు సెలవులకొచ్చిన కుర్రాడు. ఆటలో కారు మలుపు తిప్పాడో లేదో, రోడ్డు పక్క కరెంటు స్తంభం నడుం దగ్గర తెగింది. పై సగం ఒకచోట, కింది సగం నాలుగు వేళ్లు పక్కకి! "గ్రాఫిక్స్ కార్డు పోయింది నాన్నా, కొత్తది కొనాలి" అన్నాడు. ఆగు బాబాయ్, పర్సు తీయకు!

మీకు తెలుసా? ఆ స్తంభం తెగడానికి కార్డు పోనక్కర్లేదు. మామూలు మానిటరు సెకనుకు 60 సార్లు, పైనుంచి కిందికి, గీత గీతగా బొమ్మ వేస్తుంది. సగం వేశాక కార్డు కొత్త బొమ్మ అందిస్తే, మిగతా సగం దాన్నే వేసేస్తుంది. పైన బంగినపల్లి, కింద కలెక్టరు కాయ! గేమర్లు దీన్నే స్క్రీన్ టేరింగ్ అంటారు.

మీకు తెలుసా? టేరింగ్ ఊళ్లకీ వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్లింది, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాకు వచ్చింది. తోటల మధ్య గీత పడింది, రసంలో తీపి మాత్రం ఎక్కడా తెగలేదు!

మీకు తెలుసా? ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు 20,73,600. గంట ఆడితే వేసే బొమ్మలు 2,16,000. మన కన్ను మాత్రం తెగినదాన్నే పట్టుకుంటుంది. పెళ్లి భోజనంలో ఉప్పు తగ్గిన కూరని పట్టుకున్నట్టు!

మీకు తెలుసా? ఆ తెరలో కనిపించే గీతలు 1,080. లెక్కలో ఉండేవి 1,125! కనబడని 45 గీతలు విరామం. పాతకాలం బుడ్డి టీవీల్లో ఎలక్ట్రాన్ కిరణం అడుగు నుంచి మళ్లీ పైకెక్కడానికి ఇచ్చిన వ్యవధి అది. ఇప్పుడు కిరణమూ లేదు, ఎక్కేవాళ్లూ లేరు, సెలవు మాత్రం రద్దు కాలేదు. ఎంతసేపనుకున్నారు? సెకనులో 1,500వ వంతు! బొమ్మ మార్చాలంటే ఆ సందులోనే మార్చు అని కార్డుని కట్టడి చేసేదే వీసింక్.

మరి వీసింక్ వేస్తే పనైపోయినట్టేనా? అబ్బే! అది పల్లెవెలుగు బస్సు. నిమిషం ఆలస్యమైతే తర్వాతి బస్సే గతి. ఒక్కో బొమ్మ కాస్త ఆలస్యమైనా సెకనుకు 60 ఫ్రేములు, అంటే బొమ్మలు, ఒక్కసారిగా 30కి పడిపోవచ్చు. చిరుగు పోయింది, నత్తనడక వచ్చింది!

మీకు తెలుసా? ఎంత తెగినా స్క్రీన్‌షాట్‌లో చిరుగు సాధారణంగా దొరకదు. కార్డు దగ్గరున్న బొమ్మ నిక్షేపంగానే ఉంటుంది, తెగేది తెర మీదికి వెళ్లే దారిలో. సాక్ష్యం కావాలంటే ఫోనుతో ఫొటో తీయాల్సిందే. మానిటరుని పక్కకి తిప్పి నిలబెడితే అడ్డంగా ఉన్న చిరుగు నిలువవుతుంది. నమ్మకపోతే తిప్పి చూడండి, వైరు జాగ్రత్త!

మీకు తెలుసా? ఫ్రేములు 60 దాటితేనే చిరుగుతుందనేది ఉత్త మాట. 40 దగ్గరా చిరుగుతుంది. పేద కార్డుకి ఆ ఊరటా లేదు!

తెర వేగానికి కట్టుబడ్డ ఆటలూ ఉన్నాయి. 1993 నాటి డూమ్ ఆట సెకనుకు 35 ఫ్రేములు దాటేది కాదు. అప్పటి తెర వేగం 70, అందులో సరిగ్గా సగం. స్కైరిమ్ అనే ఆటలోనైతే వీసింక్ తీసేసి ఫ్రేములు వదిలేస్తే బల్ల మీది గిన్నెలు వాటంతటవే గాల్లోకి ఎగిరేవి. దయ్యం కాదండీ, ఫ్రేములకు ముడేసిన కదలికల లెక్క తప్పడం!

మీకు తెలుసా? సినిమాహాల్లో రీలు ప్రొజెక్టరు ఈ చిరుగు తగువు ఎప్పుడో తీర్చేసింది. ఫిల్ము ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి జరిగేటప్పుడు షట్టరు అడ్డొచ్చి వెలుతురు ఆపేస్తుంది. సెకనుకు 24 సార్లు జరిగినా చూసినవాడు లేడు. అసలైన వీసింక్ ఆ రేకు ముక్కే!

ఇక ఆఖరి బాంబు. 2013లో కార్డుల కంపెనీ ఎన్విడియా జీసింక్ తెచ్చింది. కార్డు వచ్చేదాకా మానిటరే ఆగుతుంది, పెళ్లికొడుకు దిగేదాకా ముహూర్తం ఆపినట్టు. కానీ అప్పట్లో మానిటరులో ప్రత్యేక చిప్పు ఉండాల్సి వచ్చేది, ఖర్చు మోపెడయ్యేది. పోటీ కంపెనీ ఏఎండీ 2014లో చూపించిన ఫ్రీసింక్‌కి ఆ చిప్పు అక్కర్లేదు. 2015 డిసెంబరులో మామూలు హెచ్‌డీఎంఐ వైరు మీదా నడిపిస్తామని ప్రకటించింది. అప్పుడు ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద ఎవరో తెలుసా? మన కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి! దర్శకుడు రాజమౌళి బంధువే. తర్వాత కోడూరి ఇంటెల్‌లో ఉండగా 2022లో వచ్చిన ఆర్క్ కార్డుల్లో స్మూత్ సింక్ అని ఇంకో తమాషా ఉంది. చిరుగుని ఆపదు, అంచుని మసకబార్చి కనబడకుండా చేస్తుంది. అచ్చం రఫూ పని!

కుర్రాడి సంగతేంటంటారా? ఆటని ఫుల్‌స్క్రీన్‌లో కాక బోర్డర్‌లెస్ విండోలో పెడితే విండోసే బొమ్మలు సర్దుతుంది, చాలా ఆటల్లో చిరుగు అక్కడే ఆగుతుంది. ఆగకపోతే నీడల నాణ్యత తగ్గించి, 60 నిలకడగా వచ్చాక వీసింక్ వేయాలి. 60 రాని పాత కార్డైతే 30కి కట్టేయడం నయం. మానిటరు సెకనుకు 75 సార్లు బొమ్మ వేసేదైతే విండోస్ సెట్టింగుల్లో 60 మీదే కూర్చుందేమో చూడాలి. అన్నిటికీ కలిపి ఖర్చు సున్నా!

ఒక్కటి మాత్రం చూసుకోండి బాబాయ్. మానిటరు వెనక నీలం మూతి వీజీఏ వైరుందా? అది 1987 నాటి బాపతు, దాని మీద ఫ్రీసింక్ నడవదు. మానిటరుకి హెచ్‌డీఎంఐ ఉంటే ముందు ఆ వైరు మార్చండి. కార్డు మాట మామిడి డబ్బులు చేతికొచ్చాక చూద్దాం.