తీగ లాగితే బేసంతా కదిలింది

గిటార్ అదే, యాంప్ అదే, వాయించే మనిషీ అదే. కానీ బేస్ తీగల రకం మార్చి చూడండి, వేరే వాయిద్యం విన్నట్టు ఉంటుంది. పెడల్స్ గురించి, పికప్‌ల గురించి అర్ధరాత్రి దాకా వాదించుకుంటాం గానీ, తీగల దగ్గరికొచ్చేసరికి షాపులో ఏ ప్యాకెట్ ఉంటే అది తెచ్చేసుకుంటాం. బేస్ తీగల సెట్ మామూలు గిటార్ సెట్ కంటే బాగా ఖరీదు. హాస్టల్ బతుకుల్లో రెండు రకాలూ కొని పోల్చి చూసుకోవడం కుదిరే పని కాదు. అందుకే కొనే ముందే తేల్చుకోవడానికి పనికొచ్చే సంగతులు కొన్ని రాస్తున్నాను. బేస్ వాయించనివాళ్లూ చదవొచ్చు. ఫస్టియర్ ఫిజిక్స్ ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది.

ముందు, తీగకి చుట్టు ఎందుకో చూద్దాం. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావుది ఇ తీగ. అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు. ఆ పొడవులో అంత తక్కువ ఫ్రీక్వెన్సీ రావాలంటే తీగని వదులు చెయ్యాలి, లేదా దాని బరువు పెంచాలి. వదులు చేస్తే ఫ్రెట్లకు కొట్టుకుని గిలగిలలాడుతుంది. బరువు కోసం ఒకే లావుపాటి ఉక్కు తీగ వేస్తే అది కడ్డీలా బిర్రబిగుసుకుని, దాని హార్మోనిక్స్ శ్రుతి తప్పుతాయి. కాబట్టి లోపల సన్నటి ఉక్కు తీగ పెట్టి, దాని మీద ఇంకో తీగ చుడతారు. బరువు పెరుగుతుంది, బిగుసుతనం పెద్దగా పెరగదు.

పైన చుట్టింది మామూలు గుండ్రటి తీగ అయితే అది రౌండ్‌వౌండ్. రిబ్బన్‌లా చదునుగా ఉంటే ఫ్లాట్‌వౌండ్. రౌండ్ మీద వేలు జారిస్తే గరగరమంటుంది, ఫ్లాట్ మీద నున్నగా జారిపోతుంది. వయొలిన్ నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు. ఇప్పటి వయొలిన్ తీగల మీద చుట్టేది కూడా చదును రిబ్బనే. గమకం కోసం వేలు జారేటప్పుడు గీసిన చప్పుడు రాకూడదు కదా!

ఇక శబ్దం సంగతి. ఇ తీగ మీటితే 41 ఒక్కటే రాదు. 82, 123, 164 అంటూ హార్మోనిక్స్ వరసగా వస్తాయి. రౌండ్‌వౌండ్‌లో పై హార్మోనిక్స్ ఎక్కువసేపు నిలుస్తాయి. అందుకే కొత్త తీగలు పియానోలా ఖంగుమంటాయి. ఫ్లాట్‌వౌండ్‌లో ఆ పై భాగం త్వరగా చల్లారిపోతుంది. మిగిలేది గుండె చప్పుడు లాంటి 'ధుమ్'.

చరిత్రలో ముందొచ్చింది ఆ ధుమ్మే. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు వేసినవి ఫ్లాట్ తీగలు. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ కూడా లావుపాటి లా బెల్లా ఫ్లాట్లే వాడాడు. తెగితే తప్ప మార్చేవాడు కాదట. అది కూడా కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటి! 1960ల మధ్యలో ఇంగ్లండ్‌లో ద హూ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్‌విసిల్, రోటోసౌండ్ కంపెనీతో కలిసి పనిచేశాక రౌండ్‌వౌండ్ జోరు మొదలైంది. జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని బేస్ మీద రౌండ్లు వేశాడు. అవి చెక్కని గీకేస్తాయని ఫింగర్‌బోర్డు మీద ఎపాక్సీ పూశాడు.

"రాక్ అయితే రౌండ్, పాత పాటలకి ఫ్లాట్" అని ఒక సూత్రం చెప్తుంటారు. దాన్ని పట్టుకుని వేలాడకండి. ఐరన్ మెయిడెన్ స్టీవ్ హారిస్ వాయించేది హెవీ మెటల్, వాడేది ఫ్లాట్‌వౌండ్. నా లెక్కలో పాట రకం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వినేవాళ్లు దేంట్లో వింటారు?

ఫోన్‌లోని చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్‌ని పలికించలేదు. అయినా బేస్ వినబడినట్టే ఉంటుంది. పై హార్మోనిక్స్ మధ్య దూరాన్ని బట్టి మెదడు కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ఆ హార్మోనిక్సే లేకపోతే ఊహించుకోవడానికీ ఏమీ మిగలదు.

మా బ్యాండ్‌లో ఈ సెమిస్టర్ గొడవ ఇదే. క్లబ్‌కి ఉన్నది ఒక్క బేస్, వాయించేది ముగ్గురం, తలా కొంత వేసుకుంటే వచ్చేది ఒక్క సెట్. నేను రౌండ్ అన్నాను. మా జూనియర్ "అక్కా, నా వేళ్లు చూడు" అని ఎర్రగా కందిన చెయ్యి ముందు పెట్టింది. తను చెప్పిందీ న్యాయమే. ఫ్లాట్ వేళ్లని అంతగా గీకదు, ఫ్రెట్లని తక్కువ అరగదీస్తుంది, ధర ఎక్కువైనా ఏళ్ల తరబడి ఉంటుంది. రౌండ్ సందుల్లో చెమట, మట్టి చేరి కొన్ని నెలల్లోనే మూగబోతుంది.

చివరికి తేల్చింది సిగ్నల్స్ క్లాసే. ఉన్న హార్మోనిక్స్‌ని ఫిల్టర్ తీసెయ్యగలదు, లేనివాటిని ఈక్వలైజర్ పుట్టించలేదు. రౌండ్ వేసి, టోన్ నాబ్ తగ్గించి, బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క పెడితే ఫ్లాట్‌కి దగ్గరగా వస్తుంది. ఫ్లాట్ వేసి టోన్ ఎంత పెంచినా రౌండ్ రాదు. మా పాటలు ఎక్కువమంది వినేది ఫోన్‌లో. కాబట్టి ఈసారికి రౌండ్. కానీ స్పర్శకి ఫిల్టర్ లేదు, అందుకని వచ్చే సెట్ ఏదో జూనియరే నిర్ణయిస్తుంది. మీది సొంత బేస్ అయి, హెడ్‌ఫోన్స్‌లోనో మంచి హాల్‌లోనో వినిపించేదైతే, తన మాట వినండి, నా మాట కాదు.

ఏది కొన్నా నాలుగు జాగ్రత్తలు. ఫ్లాట్లకి బిగువు సాధారణంగా ఎక్కువ, కాబట్టి మెడ వంగితే ట్రస్ రాడ్ సరిచేయించండి. తీగలన్నీ ఒకేసారి ఊడదియ్యకండి, ఒక్కొక్కటే మార్చండి. ఫ్లాట్ తీగని ముందు మేకు దగ్గర మడిచి, ఆ తర్వాతే కొస కత్తిరించండి. లేకపోతే చుట్టు విడిపోవచ్చు. వాయించడం అయిపోగానే పొడిగుడ్డతో తుడవండి.

కొనేముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి: మీకిష్టమైన ఇళయరాజా పాట ఒకటి తీసుకుని ముందు ఫోన్ స్పీకర్లో, తర్వాత ఇయర్‌ఫోన్స్‌లో వినండి. బేస్ మీద మాత్రమే చెవి పెట్టండి. ఫోన్‌లో ఏం పోయిందో, ఏం మిగిలిందో రాసుకోండి. మీ చెవికి ఏ భాగం కావాలో తెలిశాక షాపుకి వెళ్లండి.